పాయింట్లు తీసేసి చూడండి

మా అమ్మాయి నాలుగో తరగతి. ఎక్కాలు సరిగ్గా రావట్లేదని వాళ్ళ టీచరు రెండుసార్లు చెప్పేసరికి, సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇళ్ళల్లో ఏం చేస్తారో నేనూ అదే చేశాను. ఓ యాప్ కొన్నాను, ఏడాది చందా కట్టి. సరైన జవాబు నొక్కితే నాణేలొస్తాయి. ఆ నాణేలతో ఒక ఉడుతకి టోపీలు, చెప్పులు, గొడుగులు కొనొచ్చు. వరసగా ఏడు రోజులు ఆడితే ఓ పతకం. రెండు వారాలయ్యేసరికి మా ఇంటిల్లిపాదికీ కలిపి లేనన్ని టోపీలు ఆ ఉడుతకున్నాయి. నేనూ మా ఆవిడా తెగ మురిసిపోయాం.

ఓ రాత్రి అన్నాలు తింటుంటే "ఏడు ఎనిమిదులు ఎంతమ్మా?" అనడిగాను.

పిల్ల నా మొహం వంక చూసి "ఆప్షన్లేంటి నాన్నా?" అంది.

మర్నాడు పక్కన కూర్చుని అది ఎలా ఆడుతోందో చూశాను. ప్రశ్నకి నాలుగు గళ్ళుంటాయి. తప్పు నొక్కితే ఆ గడి బూడిద రంగుకి మారుతుంది, వచ్చే నాణేలు కొంచెం తగ్గుతాయి, అంతే. మిగతా మూడింట్లో ఇంకోటి నొక్కొచ్చు. నింపాదిగా ఆలోచించి జవాబు చెప్పేకంటే గుడ్డిగా టకటకా నొక్కుకుంటూ పోతేనే నిమిషానికి ఎక్కువ నాణేలొస్తాయని మా పిల్ల కనిపెట్టేసింది! తిడదామని నోరు తెరిచి ఆగిపోయాను. ఏమని తిట్టాలి? నాణేలు ఎక్కువ సంపాదించమన్నారు, సంపాదించింది. స్పెసిఫికేషన్ ప్రకారం దాని ఆల్గారిదం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. బగ్గు ఉంది స్పెసిఫికేషన్‌లో.

ఇది పిల్లల సంగతే అనుకుంటున్నారేమో. మన ఆఫీసుల్లో తప్పనిసరి ట్రైనింగులు గుర్తు తెచ్చుకోండి. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట వాటికి బ్యాడ్జీలు పెట్టి, ఎవరెన్ని కోర్సులు పూర్తిచేశారో ఒక లీడర్‌బోర్డు వేలాడదీశారు. మా టీములో ఒకతను వారంలో నలభై కోర్సులు పూర్తిచేసి మొదటి స్థానంలోకి వచ్చేశాడు. ఎలారా బాబూ అంటే, 'నెక్స్ట్' బటన్ తనంతట తనే నొక్కుకునేలా బ్రౌజర్లో చిన్న స్క్రిప్టు రాశాట్ట. నిజం చెప్పాలంటే ఆ ఏడాది ఆ పోర్టల్ పుణ్యమా అని ఎవరైనా ఏదైనా నేర్చుకున్నారంటే అది అతనొక్కడే, జావాస్క్రిప్టు :)

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆటలతో చదువు నేర్పడం అనే మాట ఈమధ్య ఎక్కడ చూసినా వినిపిస్తోంది. కానీ ఆ పేరుతో జరుగుతున్నది చాలావరకు ఆటలోంచి స్కోరు ఒక్కటీ పీక్కొచ్చి పాత హోంవర్కుకి అతికించడమే. కాకరకాయ మీద పంచదార చల్లినట్టు. (బెల్లం పెట్టి వండిన కాకరకాయ కూర వేరే సంగతి, అది ఇందులోకి లాగకండి.) పిల్లలు పంచదార నాకేసి కాకరకాయ పక్కన పెడతారు. పెట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి.

నా మటుకు నేనొక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ఎవరైనా "చదువు నేర్పే ఆట" అని చూపిస్తే అందులోంచి పాయింట్లు, పతకాలు, నాణేలు తీసేసి చూడాలి. ఇంకా ఆడటానికి ఏమైనా మిగిలిందా? మిగిలితే అది ఆట. ఏమీ మిగలకపోతే అది హోంవర్కు, ఉడుత ఫోటోతో సహా.

నిజానికి ఈ స్కోరుల పిచ్చి మనకి యాప్‌లతో రాలేదు. లీడర్‌బోర్డు అనే మాట వినకముందే మన ఊళ్ళల్లో కార్పొరేటు కాలేజీల హోర్డింగులున్నాయి, పాస్‌పోర్టు ఫోటో కింద హాల్‌టికెట్ నంబరుతో. ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదివే టీవీ ప్రకటనలున్నాయి. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చడం... అది లెవెల్స్ కాక మరేంటి? ఆటలో ఉండే పోటీ, స్కోరు, ర్యాంకు అన్నీ తెచ్చుకున్నాం. తెచ్చుకోనిది ఒక్కటే, ఓడిపోయినా ఫర్వాలేదనే వెసులుబాటు. వీడియో గేములో వందసార్లు చచ్చి నూటొకటోసారి మళ్ళీ మొదలెడతాడు కుర్రాడు, ఎవరూ ఏమీ అనరు. ఎంట్రన్సు పరీక్ష దగ్గర అలా కుదరదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక పేపర్లలో వరసగా చదివిన పిల్లల వార్తలు నేనింకా మర్చిపోలేదు. ఒక తప్పు చేస్తే జీవితమే పోయినట్టు అనిపించేదాన్ని ఎన్ని రంగులు పూసినా ఆట అనలేం.

పోనీ పాయింట్ల వల్ల మేలు లేకపోతే మానె, నష్టమేముంది అంటారా? ఉంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు సైకాలజీ వాళ్ళు స్టాన్‌ఫర్డ్‌లోని ఒక నర్సరీ బడిలో చేసిన ప్రయోగం చాలా ప్రసిద్ధం. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వెయ్యడమంటే ముందునుంచే ఇష్టమున్న పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మిగతావాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళాగి, బహుమతుల ఊసు లేకుండా పెన్నులు మళ్ళీ వాళ్ళ ముందు పెట్టి చూస్తే, సర్టిఫికెట్ కోసం వేసిన పిల్లలు మిగతావాళ్ళలో దాదాపు సగంసేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లలకి మాత్రం ఏమీ కాలేదు. అంటే చెడగొట్టింది బహుమతి కూడా కాదు, "దీనికోసమే నువ్వు ఇది చేస్తున్నావు" అన్న బేరం. ఉడుత టోపీల దగ్గర మేం పెట్టిందీ ఆ బేరమే.

సరే, అసలు ఆట సంగతికొద్దాం.

వేసవి సెలవులకి పిల్లని తెనాలి దగ్గర మా ఊరు తీసుకెళ్ళాం. అక్కడ నెట్ సరిగ్గా రాదు, కాబట్టి ఉడుత నిద్రపోయింది. మా అమ్మ అటక మీంచి వామనగుంటల పీట దింపించింది. ఈ ఆట తెలియనివాళ్ళ కోసం చెప్తాను, ఊరూరికీ నియమాలు మారతాయి గానీ మా ఇంట్లో ఆడేది ఇలా: రెండు వరసల్లో ఏడేసి గుంటలు, మొత్తం 14. ఒక్కో గుంటలో 5 చింతపిక్కలు. నీ వరసలో ఏదో ఒక గుంటలో పిక్కలు తీసి, వరసగా గుంటకొకటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక, ఆ తర్వాతి గుంటలోవి తీసి మళ్ళీ వెయ్యాలి. ఆ తర్వాతి గుంట ఖాళీగా ఉంటే ఆగాలి. ఆ ఖాళీ గుంట దాటాక ఉన్న గుంటలో పిక్కలన్నీ నీవి. తర్వాత ఎదుటివాళ్ళ వంతు.

మొదటిరోజు మా పిల్ల తోచిన గుంటలోంచి తీసేది. అమ్మ ఊరుకోలేదు. "లెక్కేసుకోకుండా తీశావేంటే? చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూసుకోవద్దూ?" అనేది. మూడోరోజుకి పిల్ల గుంట మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, కళ్ళతోనే పీట చుట్టూ తిరిగొచ్చి అప్పుడు తియ్యడం మొదలెట్టింది. చూస్తున్న నాకు ఒళ్ళు జలదరించింది. పధ్నాలుగు దాటగానే మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడుతోంది! ఇంజనీరింగులో మాకు మాడ్యులో అరిథ్‌మెటిక్ అని పేరుపెట్టి, బోర్డు నిండా రాసి చెప్పింది ఇదే కదా.

ఊరికే ఉండలేక ల్యాప్‌టాప్ తీసి ఇరవై లైన్ల పైథాన్ రాశాను, మొదటి ఎత్తు ఏ గుంట నుంచి మొదలెడితే ఎక్కువ లాభమో తేల్చేద్దామని. ఏడు గుంటలకీ ఒకటే జవాబు వచ్చింది: 7 పిక్కలు. బగ్గేమో అనుకుని మళ్ళీ చూశాను. కాదు. మొదట్లో అన్నిట్లోనూ అయిదే ఉంటాయి, పీట గుండ్రంగా తిరిగొస్తుంది, కాబట్టి ఎక్కడ మొదలెట్టినా ఒకటే. మా అమ్మకి గొప్పగా చూపించబోయాను. ఆవిడ పీట మీంచి తల కూడా ఎత్తలేదు. "ఎక్కణ్ణుంచి తీసినా ఏడే వస్తాయి, ఎవరికి తెలీదురా అది? నీ తర్వాత ఎదుటాళ్ళకి ఏ గుంటల్లో ఏం మిగిల్చావన్నదే ఆట" అంది. ఆవిడ చదివింది అయిదో తరగతి వరకు.

ఇప్పుడు నా పరీక్ష పెట్టి చూడండి. ఈ ఆటలో లెక్క అనేది ప్రశ్నగా రాదు. ఎత్తు వెయ్యడమే లెక్క. లెక్క మానేస్తే ఆడటానికి ఏమీ ఉండదు. గుడ్డిగా నొక్కుకుంటూ పోయే అడ్డదారి ఇందులో లేదు. గుడ్డిగా తీస్తే నాయనమ్మ గెలుస్తుంది, అంతే. ఓడితే పోయేదీ ఏమీ లేదు, పిక్కలు సర్దుకుని మళ్ళీ మొదలు.

అష్టాచెమ్మా కూడా ఇలాంటిదే. చింతపిక్కల్ని ఒకవైపు అరగదీసి నాలుగు వేస్తాం. ఒక్కోటి తెల్లగా పడే అవకాశం సగం సగం అనుకుంటే, మొత్తం 16 రకాలుగా పడొచ్చు. అందులో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మా ఒకటి, అష్టా ఒకటి. ఎదుటి కాయ నాకు రెండు గళ్ళ దూరంలో ఉంటే చంపుతానా, మూడు గళ్ళ దూరంలో ఉంటేనా అన్నది పదేళ్ళ పిల్లలకి ఒంట్లో ఇంకిపోతుంది. ప్రాబబిలిటీ అనే పాఠం వచ్చేదాకా దానికి పేరుందని వాళ్ళకి తెలీదు. పాఠం చెప్పే మాస్టారికీ ఆ ఆట గుర్తురాదు, అదే మన ఖర్మ.

అలాగని పాతవన్నీ బంగారం అనట్లేదు. వైకుంఠపాళి ఉంది, పాములూ నిచ్చెనలూ. పందెం ఎంత పడితే అంత జరగడమే, మనం తీసుకునే నిర్ణయం ఒక్కటీ లేదు. పుణ్యం చేస్తే నిచ్చెన, పాపం చేస్తే పాము అని నీతి నేర్పడానికి వాడారు దాన్ని. కానీ ఆడేవాడు పుణ్యమూ చెయ్యడు, పాపమూ చెయ్యడు, పందెం విసురుతాడు. గళ్ళల్లో రాసిన పేర్లు తీసేసినా ఆట చెక్కుచెదరదు. కనకే కాలక్రమాన పేర్లు పోయి పాములు మిగిలాయి.

కంప్యూటర్‌తో అసలు కుదరదా అంటే, ఎందుకు కుదరదు? కుదిరింది, ఎప్పుడో కుదిరింది. 1967లో సీమోర్ పాపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సోలమన్ వాళ్ళు లోగో అనే భాష తయారుచేశారు. తాబేలుకి "ముందుకి ఇంత వెళ్ళు, కుడికి ఇంత తిరుగు" అని చెప్తే అది గీత గీస్తుంది. త్రిభుజం గియ్యమంటే పిల్లలందరూ మొదట చేసే తప్పు ఒకటే, మూలకి 60 డిగ్రీలు కదా అని 60 తిప్పమంటారు. త్రిభుజం రాదు, ఆరు భుజాల బొమ్మలో సగం వస్తుంది. "అదేంటి?" అని లేచి తామే తాబేలులా గదిలో నడిచి చూసుకుంటే తెలుస్తుంది, తిరగాల్సింది బయటి కోణమని, 120 అని. మార్కులు తగ్గించేవాడు లేడు. తప్పు కూడా చూడముచ్చటైన బొమ్మే. మన భాషలో చెప్పాలంటే డీబగ్గింగ్.

ఇంత మంచిదాన్ని మనమేం చేశాం? నేను చదివిన బళ్ళో లోగో ఉండేది. వారానికొక పీరియడు, చెప్పులు బయట విప్పి ఏసీ గదిలోకి వెళ్ళాలి, నలుగురికో కంప్యూటరు, అదీ కరెంటుంటే. కాబట్టి ఎక్కువగా నోట్సే. "ఫార్వర్డ్ కమాండు సింటాక్సు వ్రాసి ఉదాహరణతో వివరించుము, 2 మార్కులు." తాబేలుతో ఒక్క త్రిభుజం కూడా గియ్యకుండా నాకు పాతికకి ఇరవైనాలుగు వచ్చాయి. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందా అని ఏడ్చాను కూడా.

ఇంకో కథ, ఇది మన ప్రోగ్రామర్లకి నచ్చుతుంది. 1971లో అమెరికాలో మిన్నియాపొలిస్‌లో డాన్ రావిచ్ అనే ట్రైనీ టీచరు ఎనిమిదో తరగతికి చరిత్ర చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దంలో జనం ఎద్దుబండ్లు కట్టుకుని ఒరెగాన్‌కి వలస వెళ్ళిన పాఠం. ఆయనతో పాటు ఒకే ఇంట్లో ఉంటున్న బిల్ హైన్‌మన్, పాల్ డిలెన్‌బర్గర్ లెక్కల టీచర్లు, వాళ్ళకి బేసిక్ భాష వచ్చు. ముగ్గురూ కలిసి 'ఒరెగాన్ ట్రెయిల్' రాశారు. స్క్రీను లేదు, టెలిటైపు మిషను కాయితం మీద టకటకా కొడుతుంది. ఉన్న డబ్బుతో ఎద్దులెన్ని, తిండెంత, తూటాలెన్ని కొనాలి? జబ్బు చేస్తే మందులున్నాయా? పిల్లలు తప్పుగా కొని, దారిలో చచ్చిపోయి, మళ్ళీ ఆడటానికి వరసకట్టారు. టర్ము అయిపోయాక రావిచ్ ఆ ప్రోగ్రాముని మెషీన్లోంచి తీసేశాడు, ప్రింటౌటు మాత్రం దాచుకున్నాడు. 1974లో వేరే సంస్థలో చేరాక ఆ కాయితాలు ముందు పెట్టుకుని మొత్తం మళ్ళీ టైపు చేశాడు. ఆ తర్వాత, ఆనాటి వలసవాళ్ళు రాసుకున్న డైరీలు చదివి, ఏ ప్రమాదం ఎంత తరచుగా జరిగేదో లెక్క చూసి ఆటలో ఆ అంకెలు మార్చాడు. బండివాడి కష్టం ఆ పిల్లలకి వ్యాసంలో కాకుండా కొనుగోలు లెక్కలో తెలిసింది. ఆ నేల అప్పటికే ఎవరిదో, ఆ జనం ఏమయ్యారో మాత్రం తెలియలేదు, ఆట మొత్తం బండివాడి వైపునుంచే చూస్తుంది. ఇది చిన్న లోపమేం కాదు.

దీన్నిబట్టి నాకర్థమైంది ఏమిటంటే, ఆట తయారుచేసినవాడు ఏం చెప్పాలనుకున్నాడన్నది ఆడేవాడికి అనవసరం. గెలవడానికి ఏం చెయ్యాలో అదే నేర్చుకుంటాడు. ఇందుకు నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మోనోపలీ. మనం బొంబాయి, ఢిల్లీ కొనుక్కుంటూ 'బిజినెస్' అని ఆడుకున్నది దాని తమ్ముడే. 1904లో లిజీ మేగీ అనే ఆవిడ 'లాండ్‌లార్డ్స్ గేమ్' పేరుతో దీని మూలానికి పేటెంటు తీసుకుంది. భూమంతా కొందరి చేతుల్లో పడి అద్దెలు గుంజుకోవడం ఎంత అన్యాయమో జనానికి తెలియాలని ఆవిడ ఉద్దేశం. సంపద పెరిగితే అందరికీ వాటా దక్కే నియమాలు కూడా వేరేగా రాసింది. జనం ఏం చేశారు? ఎదుటివాణ్ణి దివాలా తీయించే నియమాల్నే పట్టుకున్నారు. 1935లో పార్కర్ బ్రదర్స్ వాళ్ళు ఆవిడ పేటెంటుని 500 డాలర్లకి కొనేసి ఆ ఆటనే ఊరూరా అమ్మారు. అద్దెలు వద్దని చెప్పడానికి పుట్టిన ఆట, అద్దెలెలా గుంజాలో ప్రపంచానికి నేర్పింది. మా పిల్ల యాప్ దగ్గరా జరిగింది ఇదే కదా.

"ఇవన్నీ బానే ఉన్నాయి గానీ సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్న. అన్నిటికీ ఆటలుండవు, ఉండాలనడం మూర్ఖత్వం. ఎక్కాలు బట్టీ పట్టాల్సిందే. దానికి నాణేలెందుకు, స్కూలు బస్సు కోసం నడిచే అయిదు నిమిషాలూ గట్టిగా చదివితే చాలు. బట్టీని బట్టీ అని చెప్పి చేయిస్తే పిల్లలకేం కోపం రాదు. ఆట అని నమ్మించి బట్టీ పట్టిస్తేనే మోసపోయామనుకుంటారు, లేదా మనల్ని మోసం చెయ్యడం నేర్చుకుంటారు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. వామనగుంటలు పని చేసింది చింతపిక్కల మహత్యం వల్ల మాత్రమే కాదు. ఎదురుగా రోజుకి రెండు గంటలు మా అమ్మ కూర్చుంది, "ఎందుకు తీశావే అక్కణ్ణుంచి?" అని ప్రతి ఎత్తుకీ అడుగుతూ. ఆ ప్రశ్న లేకపోతే పిల్ల గెలిచేది, ఓడేది, లెక్క పట్టుకునేదో లేదో. నేను యాప్ కొన్నదే ఆ రెండు గంటలు నా దగ్గర లేకపోబట్టి. సాయంత్రం ఆరున్నరకి అమెరికా వాళ్ళతో కాలు, తర్వాత ఇంకోటి. టాబ్లెట్ చేతిలో పెట్టి "ఎక్కాలు ఆడుకో అమ్మా" అంటే నా మనసుకి హాయిగా ఉండేది, పిల్ల చదువుకుంటోంది కదా అని. చందా కట్టింది దాని చదువుకో, నా మనశ్శాంతికో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వస్తూ వస్తూ పీట తెచ్చుకున్నాం. ఆదివారాలు ఆడుతున్నాం. మొన్న మా పిల్ల "గుంటకి ఆరారు పోస్తే?" అనడిగింది. పైథాన్ తియ్యబోతే వద్దని చెయ్యి పట్టుకుని తనే వేసింది. ఆరు వేసింది, తర్వాతి గుంటలో ఆరు తీసి వేసింది, చూస్తే ముందు మొదలెట్టిన గుంటే, ఖాళీగా. ఆట ఆగిపోయింది. దాటి తీస్తే అక్కడా ఏడే. కాసేపు పీట వంక చూసి "ఏడు రెళ్ళు పధ్నాలుగు కదా నాన్నా, అందుకే తిరిగి ఇక్కడికే వచ్చేసింది" అంది. నాలుగేసి పోస్తే ఆరే వస్తాయని తర్వాత ఇద్దరం కలిసి వేసి చూశాం, అది మాత్రం చాలాసేపు తిరిగింది.

యాప్ చందా ఇంకా అయిదు నెలలుంది. రోజూ సాయంత్రం ఏడింటికి నా ఫోనుకి మెసేజ్ వస్తుంది, ఉడుత బెంగ పెట్టుకుందిట.